కుడి జేబు

షాపామె రెండు పిల్లల ప్యాంట్లను కటింగ్ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒకటి తన షాపుది. రెండోది, వీధికి అవతల నెల కిందట తెరిచిన కొత్త షాపులో పక్కింటావిడ చేత కొనిపించినది. టేపు తీసి నడుం పట్టీ నుంచి జేబు దాకా కొలిచింది. రెండింటికీ కుడి జేబు ఎడమదానికంటే రెండు వేళ్లు కిందకి ఉంది.

"చూడండి మాస్టారూ, ఏ ఊళ్లో ఏ టైలరూ చెయ్యని తప్పు ఇది. మనమే చేస్తాం. మరి వీధి దాటి అక్కడికి ఎలా పోయింది, కాళ్లొచ్చి నడిచెళ్లిందా?"

కటింగ్ మాస్టారు కళ్లద్దాలు పైకి జరిపి, రెండు జేబుల్నీ తడిమి చూసి, కొలత సరిపోయిందన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆయన. భుజాలు తడుముకోని దొంగ మరీ ముదురని ఆమె లెక్క.

ఆమె షాపు బతికేదే ఆ ప్యాంటు మీద. మోకాలి దగ్గర లోపల రెండో గుడ్డ, పిల్లాడు ఎదిగినకొద్దీ విప్పుకోవడానికి అంచులో నాలుగు వేళ్ల మడత, పైన ఎవరు అడిగిన బొమ్మ వాళ్లకి. ఒకరికి ఏనుగు కావాలి, ఒకరికి బస్సు. ఆ కొలతలకు కోసి పెట్టుకున్న అట్టలు అత్తగారు స్వయంగా గీసినవి. జేబు దగ్గర చెయ్యి జారిందని ఆవిడే చెబుతుంది. సరిచేద్దామని మాస్టారు ఒకటి రెండుసార్లు అన్నాడు గాని, అమ్ముడుపోతున్న సరుకు మీద కత్తెర పెట్టకూడదని ఎవరూ ముట్టుకోలేదు. పోను పోను ఆ వంకర జేబే షాపుకు గుర్తయి కూర్చుంది.

అట్టలు ఉండే బీరువాకి రెండే తాళంచెవులు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి మాస్టారి దగ్గర. పైగా పోయిన వారం ఆయన ఎదుటి షాపు మెట్లు దిగుతూ ఆమె కంట పడ్డాడు. అడిగితే హుక్కులు నిండుకుంటే పది బదులు తెచ్చానన్నాడు. అరచెయ్యి విప్పి చూపించాడు కూడా. అడిగీ అడగక ముందే సాక్ష్యం చూపించేవాణ్ణి వ్యాపారం చేసేవాళ్లెవరు నమ్ముతారు?

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. ఆ తాళంచెవి ఇటిచ్చెయ్యండి," అంది.

మాస్టారు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే తన కత్తెర కూడా పెట్టాడు. పన్నెండేళ్లుగా ఇంకొకరి చేతికి ఇవ్వని కత్తెర అది.

"అట్టలు నేను ఇవ్వలేదమ్మా. మీకు నమ్మకం కుదిరేదాకా ఈ బల్ల మీద గుడ్డ కొయ్యను."

లోపలి గదిలోంచి అత్తగారు అంతా వింటూనే ఉంది. ఏడాది పొడుగునా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల ఆరాలు తీసే మనిషి, కొత్త షాపు తెరిచిన రోజు నుంచీ ఎండ కళ్లలో పడుతోందంటూ కుర్చీ లోపలికి వేయించుకుంది. పోటీ షాపును చూడలేక పాపం అలా చేసిందని కోడలు సరిపెట్టుకుంది. గుండుసూది పోతే వీధంతా గాలించే ఆవిడ, ఈసారి మాత్రం పోనీలేవే అంది. ఎవరి గిరాకీ వాళ్లదంది. మాస్టారి కత్తెర మాస్టారికి ఇచ్చెయ్యమంది.

"మెత్తటివాళ్లను చూస్తేనే మొత్తబుద్ధేస్తుంది అత్తయ్యా. దొంగసరుకు ఎక్కడిదో ఆ కొత్త షాపావిడ నోటితోనే చెప్పిస్తాను," అంటూ కోడలు టేపు చేత పట్టుకుని, రెండు ప్యాంట్లూ చంకన పెట్టుకుంది.

"ఇంత ఎండలో ఇప్పుడెందుకే?"

"వీధి దాటడానికి ఎంత ఎండ తగులుతుంది?"

ఎదుటి షాపులో ఒకే ఒక్క మిషను. మెడలో టేపు వేసుకున్నావిడ చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా వేసి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది. కూర్చోమంది. షాపామె కూర్చోలేదు. ప్యాంట్లు రెండూ మిషను మీద పడేసి, మా మాస్టారు మీకు అట్టలు ఎంతకిచ్చాడని అడిగింది.

"ఏ మాస్టారు? హుక్కులకి వచ్చినాయనా? పది పట్టికెళ్లి పదకొండు తెచ్చిచ్చాడు. ఈ ప్యాంటు నాదేనమ్మా. మా పెద్దాడికి చిన్నప్పుడు కుట్టిన కొలత."

"అలాగా. అయితే కుడి జేబు కిందకి ఎందుకుందో చెప్పండి."

కాపీ కొట్టినవాళ్లకు కొలత తెలుస్తుంది గాని కారణం తెలియదు. సరైన చోట పట్టుకున్నాననుకుంది షాపామె. ఆ కారణం తనకూ తెలియదన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

ఆవిడ లోపలికి కేకేసింది. మీసాలొచ్చిన కొడుకు దారాల పెట్టెను ఎడమచేత్తో తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కన నిలబడ్డాడు. అతని కుడిచెయ్యి భుజం నుంచి కర్రలా తిన్నగా వేలాడుతోంది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే, మోచెయ్యి వంచకుండా, ఆ చేతిని జేబులోకి జార్చాడు.

"పుట్టినప్పటి నుంచీ మోచెయ్యి వంగదు. మామూలు జేబులో చెయ్యి దూరదు. అందుకని కిందకి దించాను. వీడొక్కడే వేరుగా కనిపించకూడదని, ఇప్పుడు ఎవరికి కుట్టినా అలాగే కుడుతున్నాను."

షాపామె చేతిలో టేపు నేలకు జారింది. "మరి మా అట్టలు..." అంది.

ఆవిడ వంగి, టేపు తీసి, చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టింది.

"నేను మొదట కుట్టిన ప్యాంటు పదహారేళ్ల కిందట మా దండెం మీంచి మాయమైందమ్మా. మీ అత్తగారు అప్పుడు మా పక్క వాటాలోనే ఉండేవారు. ఈ షాపు తెరిచిన రోజు మీ గుమ్మంలో కనిపించారు. మళ్లీ బయటికి రాలేదేం, కులాసానా?"