సూది మోపే చోటు

"మర్కటం వచ్చింది బావా," అంది ఆమె, ఆయాసం ఆపుకుంటూ.

బావ నవ్వలేదు. పన్నెండు రోజుల కిందట నలుగురి ముందూ ‘ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం’ అని పెళ్లాన్ని చూపించి పగలబడి నవ్వింది తనే మరి. ఆ సాయంత్రమే ఆమె తన కుట్టుమిషను బండి ఎక్కించుకుని అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. దానికి చోటు చూపిస్తేనే వస్తానని, లేకపోతే ఈ గడప తొక్కనని చెప్పి మరీ వెళ్లింది.

ఇల్లంటే పాత గోదాము పైకప్పు కింద ఒకటే గది. సగం ఎత్తులో చెక్క అటక. పైన పడక, కింద పొయ్యి. బావ పార్సిల్ ఆఫీసులో లారీలు నింపే మేస్త్రీ. మూడు లారీల సరుకు రెండింట్లో పట్టిస్తాడని పేరు. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, లారీ తలుపు దాకా చీమ దూరే సందు వదలడు. అంతటి మొనగాడికి పెళ్లాం మిషను పెట్టడానికి మాత్రం సూది మోపే చోటు దొరకలేదు.

"ఇప్పుడు చూడు," అన్నాడు.

ఆమె మోచేతులు ఆనించుకుని చూసింది.

మంచం మడిస్తే బల్ల అయింది. కుర్చీ తిరగేస్తే బట్టల బుట్ట అయింది. ఆ ఇంట్లో ఇక ఏదీ ఒక్క పనే చేసుకుని బతకడానికి వీల్లేదు. అటక మెట్లు ఒక్కొక్కటే సొరుగులా లాగి చూపించాడు. ఒకదాంట్లో పప్పులు, ఒకదాంట్లో చెప్పులు.

"చీకట్లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"వాసన చూడు."

"సరే. నా మిషను సంగతి?"

బావ గొంతు సవరించుకున్నాడు. "అదిగో."

నేల నుంచి కప్పు దాకా కొత్త బీరువా. నడుమ మిషనుకి అచ్చంగా సరిపోయే అర. దారపు ఉండలకి ఇరవై బుల్లి గూళ్లు. కత్తెర తగిలించడానికి మేకు. ఆమెకి ఒక్క క్షణం కళ్లు చెమ్మగిల్లాయి. ఆరేళ్ల కాపురంలో ఈయన తన కోసం కొలిచి చేసింది ఇదొక్కటే.

"ఇంత పెద్దది లోపలికెలా తెచ్చావు?"

"ముక్కలుగా తెచ్చి ఇక్కడే బిగించా. జిగురూ మేకులూ. ఏనుగు గుద్దినా కదలదు."

"సుత్తీ అవీ ఏవి?"

"బీరువా వెనకాల. జానెడు సందు మిగిలితే, వృథా ఎందుకని బిగించే ముందే అక్కడ పెట్టేశా."

ఆమె పెదవి కొరుక్కుంది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి అందించింది. బావ నిలబడే ఆవురావురుమని తిన్నాడు. మూడు రోజుల గడ్డం. చొక్కా నిండా జిగురు మరకలు.

"ఆఫీసుకి వెళ్లడం లేదా?"

"సెలవు పెట్టా."

"ఎన్నాళ్లు?"

బావ డబ్బా అడుగు వేలితో తుడిచి నాకాడు. "చోటు చూపించాను కదా. వస్తావా, రావా?"

"మాట తప్పను. వస్తాను."

"అయితే మీ అన్నయ్యని వెంటబెట్టుకుని రా. రంపం కూడా తెమ్మను." గొంతు సన్నబడింది. "ఏం లేదు, చిన్న పని."

"అన్నయ్యకి ఆదివారం దాకా తీరిక లేదు బావా."

"ఇవాళ సోమవారమే కదే!"

"ఏం చేస్తాం? నువ్వే అంటావుగా, ఉన్న చోట్లోనే సర్దుకుపోవాలని."

ఆ ఇంటికున్న ఒక్కగానొక్క తలుపుని నిలువునా మూసేసి నిలబడ్డ ఆ బీరువాని ఇంకోసారి కళ్లారా చూసుకుని, ఆమె, మనిషి దూరని ఆ బుల్లి కిటికీకి వేసిన రంగులవాళ్ల నిచ్చెన మీంచి మర్కటంలాగే చకచకా దిగి వెళ్లిపోయింది.