తిరుగు టపా

“ఈ మనిషి పోయి మూడేళ్ళయిందమ్మా. ఈ ఓటుకి నేను ఒప్పుకోను!” అంటూ ఏజెంట్ల బెంచీ మీంచి లేచింది పోస్టమ్మ.

పోలింగ్ గదిలో అందరి తలలూ అటు తిరిగాయి. పోయాడన్న మనిషి బల్ల ముందు నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. చేతిలో ఓటరు చీటీ, తల నిండా తెల్లజుట్టు. కాకపోతే ఆ తెలుపు చెమటకి కరిగి, చెవి పక్క నుంచి మెడ మీదికి కారుతోంది.

“చూశారా మేడమ్, బతికున్నవాణ్ణి పట్టుకుని చంపేస్తోంది ఈవిడ!” అన్నాడతను.

పోలింగ్ అధికారిణి జాబితాని ముందుకి లాక్కుంది. ఆవిడ కాలేజీలో లైబ్రేరియన్. ఎన్నికల పని మీద రావడం ఇదే మొదలు. లైబ్రరీలో లేని పుస్తకం కేటలాగులో కనిపిస్తే ఆ పూట అన్నం సయించని మనిషి. అలాంటి ఆవిడ చేతికి వచ్చిన ఓటర్ల జాబితాలో ఎప్పుడో కూల్చేసిన ఇళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు కాపురాలు చేస్తూనే ఉన్నారు. ఫొటోలు సరేసరి, అన్నీ నల్లమచ్చలే. పోయినసారి ఈ వార్డు తేలింది ఏడే ఏడు ఓట్ల తేడాతో. చచ్చినవాళ్ళొచ్చి గెలిపించారని ఊరంతా నవ్వుకున్నారట. ఈసారి అలాంటిది తన గదిలో మాత్రం జరక్కూడదనుకుంటూ వచ్చింది పొద్దున్నే.

“మీ నాన్నగారి పేరు?” అని అడిగింది.

టకీమని చెప్పాడు. ఇంటి నంబరు, వయసు కూడా ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. అన్నీ జాబితాతో సరిపోయాయి.

అవతలి పార్టీ ఏజెంటు కాలు మీద కాలు వేసుకున్నాడు. “పోయాడని నోటితో అంటే సరిపోతుందా పోస్టమ్మగారూ? కాగితం చూపించండి.”

“పాతికేళ్ళు ఈ వీధుల్లో ఉత్తరాలు పంచినదాన్ని. ఏ గుమ్మంలో ఎవరున్నారో, ఎవరు పోయారో తెలియడానికి నాకు కాగితం కావాలా?”

“మీకు అక్కర్లేదు. మేడమ్‌కి కావాలి.”

అదీ నిజమే. రుజువు లేనిదే ఓటు ఆపడానికి వీల్లేదు. “ఏదైనా ఆధారం ఉందా అండీ?” అని అధికారిణి ఆశగా అడిగింది. పోస్టమ్మ లేదన్నట్టు తలూపింది. ఇక చేసేదేముంది? వేలికి సిరా పెట్టమని గుమస్తాకి సైగ చేసింది అధికారిణి.

పోస్టమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ మనిషిని ఎగాదిగా చూసింది. ఉన్నట్టుండి ఆవిడ గడ్డం వణికింది.

“అయితే నిజంగా మీరేనా? ఏమండీ! బతికే ఉన్నారా!”

గుమస్తా చేతిలోంచి సిరా సీసా మూత జారి బల్ల కింద పడింది.

తెల్లజుట్టు మనిషి గుటక వేశాడు. కాదంటే ఓటు పోతుంది. అవునంటే ఈవిడ మెడకి చుట్టుకుంటుంది. అటూ ఇటూ తూచుకుని, “ఆ... నేనే. బాగున్నావా?” అన్నాడు.

“నా బాగుకేం లెండి! మూడేళ్ళు ఎటు పోయారు? సరే, నడవండి ఇంటికి. మా అమ్మ మంచం పట్టింది, రెండు పూటలా ఎత్తి కూర్చోబెట్టాలి. లిఫ్టు చెడి ఆర్నెల్లయింది. అయిదో అంతస్తుకి బిందెలు మోయలేక నా నడుం విరిగింది.”

“వస్తా, వస్తా. ఓటేసి వస్తా.”

“ఈ ‘వస్తా’ అనే కదండీ మూడేళ్ళ క్రితం వెళ్ళారు!”

గుమ్మం దగ్గర వరసలో నవ్వులు మొదలయ్యాయి. “వెళ్ళు బాబాయ్, పిన్ని పిలుస్తోంది!” అని ఎవరో కేకేశారు. తెల్లజుట్టు మనిషి కూడా చేసేది లేక ఇకిలించాడు. అదే అతని కొంప ముంచింది.

“ఇదేం విడ్డూరమండీ! మీకు నోట్లో ఒక్క పన్నూ లేదు కదా. ముప్పై రెండూ ఎప్పుడు మొలిచాయి?”

“క... కట్టించుకున్నా.”

“కట్టుడు పళ్ళా? ఏవీ, ఒక్కసారి తీసి మేడమ్‌గారికి చూపించండి. పై వరస చాలు.”

అతను రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అధికారిణికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. లేచి నిలబడి, “అవునండీ, తీయండి. నేను చూడాలి,” అంది.

అంతే. చీటీ అక్కడే పారేసి పిక్కబలం చూపించాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అంత జోరుగా పరిగెత్తడం ఆ వీధి ఎన్నడూ చూసి ఉండదు. వరసలో ఈలలు, చప్పట్లు. అవతలి ఏజెంటు కాలు మీది కాలు దించేసి, గోడ మీద పిల్లలు గీసిన బొమ్మల్ని మహా శ్రద్ధగా చూడసాగాడు.

“చిరునామాలో మనిషి లేడు. తిప్పి పంపేశా,” అంటూ పోస్టమ్మ బెంచీ మీద చతికిలబడింది.

జరిగిందంతా డైరీలో రాసుకుని, అధికారిణి తన సీసాలోని నీళ్ళు తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చింది. అధికారిణి కళ్ళే చెమర్చాయి.

“పోయిన మీవారి పేరు చెప్పుకుని ఎవడో వస్తే, గుండె ఎంత తరుక్కుపోయిందో! అయినా అంత గట్టిగా నిలబడ్డారు.”

“పళ్ళు లేని మాట మాత్రం అక్షరాలా నిజమమ్మా. ఉత్తరం ఇచ్చినప్పుడల్లా చిగుళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. మంచి మనిషి.”

అధికారిణి కనుబొమలు ముడిపడ్డాయి. “మీవారికి మీరే ఉత్తరాలు ఇచ్చేవారా?”

పోస్టమ్మ నీళ్ళు తాగి, తన జాబితాలో ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టిన పదకొండు పేర్లలో ఒకటి కొట్టేసింది.

“మావారేంటమ్మా, నాకసలు పెళ్ళయితే కదా! ఇంకా పదిమంది ఉన్నారు, మగవాళ్ళొస్తే పెళ్ళాన్ని, ఆడవాళ్ళొస్తే అత్తగారిని.”