బుజ్జి తీసిన చీటీ

సర్కారే ఫీజు కట్టి కోదాడ ప్రైవేటు బడిలో చదివించే సీటు ఇక ఒక్కటే మిగిలింది. సూర్యాపేటలో లాటరీ. చీటీ తీయడానికి ఆఫీసరు ముందు వరుసలో ఉన్న ఆరేళ్ల బుజ్జిని పిలిచాడు.

“ఇగ సీటు మాదే! దాని పేరే తియ్యమని ఇంటికాడనే నేర్పి తెచ్చిన,” అన్నాడు తండ్రి హేమ్లా, నోరు ఊరుకోక. హాలంతా నవ్వింది.

చీటీ విప్పితే బుజ్జి పేరే.

నవ్వినవాళ్లే లేచారు. “మోసం! తండ్రే ఒప్పుకున్నడు గదా!”

“నవ్వులాటకు అన్న సారూ! దానికింకా అక్షరాలే రావు. నేర్సుకుందామనే గదా గీడికొచ్చింది!”

ఆఫీసరు చీటీ మడిచి డబ్బాలో వేశాడు. ఈసారి వేరే పిల్లవాడు తీశాడు. వేరే పేరొచ్చింది.

అందరూ చప్పట్లు కొట్టారు. బుజ్జి కూడా కొట్టింది.

“బాపూ, నేను తీస్తే ఎవ్వరు కొట్టలేదేంది?”