కోడిపుంజు గొంతు

కొండకి ఇవతలి చెరువు నుంచి అవతలి చెరువుకి కప్పల్ని వీపు మీద మోసే కొంగలు కొన్ని ఉండేవి. వాటికి పెద్ద ఒక కోడిపుంజు. తనేమో గోడ ఎక్కడానికే ఆయాసపడేది గానీ, నోరు మాత్రం పెద్దది.

"ఎక్కితే ఎక్కండి, లేకపోతే మానండి! మెత్తగా కావాలంటే హంస దగ్గరికి పోండి!" అని గట్టు మీద నిలబడి అరిచేది.

హంస వీపు మీద తామరాకు పరిచి తీసుకెళ్తుంది, మోపెడు తామర తూళ్ళు అడుగుతుంది. ఇక్కడ నాలుగు పురుగులిస్తే చాలు. అందుకే కప్పలు తిట్లు తింటూ, నవ్వుకుంటూ ఎక్కేవి.

ఒకరోజు పుంజుకి గొంతు పోయింది. అసలే రెక్కలు లాగేస్తున్న ఒక తల్లికొంగ మీద కప్పల్ని పిలిచే పని కూడా పడింది. అరిచే ఓపిక లేక, "రండమ్మా, నెమ్మదిగా ఎక్కండి, కాళ్ళు చాపుకోండి" అంది.

కప్పలన్నీ వెనక్కి గెంతాయి.

"కొంగ ఇంత తియ్యగా మాట్లాడుతోందేమిటే?" అంది ఒక కప్ప.

"మనల్ని దించేది చెరువులో కాదు, కడుపులోనే" అంది ఇంకొకటి.

కొంగ ఉసూరుమంది. గూట్లో పిల్లలు ఆకలితో ఉన్నాయి. కళ్ళు మూసుకుని, "ఎక్కితే ఎక్కండి! మెత్తగా కావాలంటే హంస దగ్గరికి పోండి!" అని అరిచింది.

"అమ్మయ్య, ఇప్పుడు బాగుంది!" అంటూ కప్పలు ఎగబడి ఎక్కాయి.

పొద్దుగూకాక, ఒళ్ళు హూనమై కొంగ గూటికి చేరింది. చిన్నపిల్ల ఒకటి దగ్గరికి జరిగి, "అమ్మా, నీ రెక్క కింద పడుకోనా?" అంది.

దా తల్లీ అందామని కొంగ నోరు తెరిచింది.

"మెత్తగా కావాలంటే హంస దగ్గరికి పో!"