మామకు సీరియస్

“మీ మామకు సీరియస్ అంట శంకరన్న. బామ్ని నుంచి ఫోనొచ్చింది,” అన్నాడు ఖలీముల్లా.

భామ్రాగడ్ బజారులో శంకరన్న కుట్టుమిషను పక్కనే ఖలీముల్లా ఎస్టీడీ బూత్. ఎవరికి ఫోనొచ్చినా కూర్చున్నచోటు నుంచే కేకేసే మనిషి, ఇవాళ బూత్ దిగి దగ్గరికి వచ్చి, తల వంచుకుని చెప్పాడు. శంకరన్న కాలు మిషను మీదే ఆగిపోయింది.

సీరియస్ అంటే ఏమిటో ఆ వైపు వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. జ్వరమొస్తే పానం బాగలేదంటారు. కిందపడి కాలు విరిగితే దవాఖానలో వేశామంటారు. మనిషి పోతేనే సీరియస్ అని ఫోన్ చేస్తారు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను దేనికి పుట్టించుకున్నారో గానీ, ఇక్కడ మాత్రం దూరాన ఉన్న అయినవాళ్లను ఇంటిదాకా నడిపించడానికే వాడతారు. ఒకసారి ఎక్కడినుంచో తాలూకా ఆఫీసుకు కొత్తగా వచ్చిన గుమాస్తా, సాహెబ్ ఇవాళ సీరియస్‌గా ఉన్నాడని వరండాలో చెప్పాడు. సాహెబ్ కోపం మీద ఉన్నాడని పాపం అతని ఉద్దేశం. అక్కడ కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపందుకున్నారు. ఆ ఏడుపుకు సాహెబే బయటికి వచ్చి, ఎవరు పోయారని అడిగాడు.

“మల్లక్కకు ఎట్ల చెప్పాలె భాయ్?” అన్నాడు శంకరన్న.

“సీరియస్ అని మాత్రం అనకు. ఆమెను జర పట్టుకొని తీస్కపో,” అన్నాడు ఖలీముల్లా, ఇంకా నేల చూపులే చూస్తూ.

శంకరన్నది మహా మెత్తటి గుండె. పొరుగువాళ్ల మేకపిల్ల తప్పిపోయినా అన్నం మానేసే రకం. అలాంటివాడు ఆ పూట పళ్లు బిగించి గట్టి మనిషి అయ్యాడు. మామ బక్కయ్య అంటే ఆయన కూతురు, తన భార్య మల్లక్కకు పంచప్రాణాలు. పోయాడని తెలిస్తే నడిదారిలోనే కూలబడుతుంది. వానాకాలం, వాగుల మీద దారి, సాయంత్రానికల్లా ఇద్దరి సొంతూరు బామ్ని చేరాలి. అందాకా ఆమెకు సంగతి తెలియకూడదు. అంతకుమించి అతనికి ఇంకో ఆలోచన లేదు.

ఇంటికి వెళ్లేసరికి మల్లక్క పొయ్యి ముందు ఉంది. మీ బాపుకు పానం జర బాగలేదట, చూసొద్దామని వీలైనంత తేలిగ్గా అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. సరే, ముందు తిను అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయేమిటంటే, పచ్చి కట్టెల పొగ అంది. నమ్మిందిలే అని శంకరన్న ఊపిరి పీల్చుకున్నాడు. ముద్ద దిగకపోయినా, తినకపోతే అనుమానిస్తుందని రెండు మెతుకులు మింగాడు. ఆమె వదల్లేదు, దగ్గర కూర్చుని ఇంకాస్త పెట్టింది. తండ్రి పోయిన బిడ్డ నాకు తినిపిస్తోందే అనుకుంటూ అతను అదీ మింగాడు.

బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిద్దామనుకుంటే, గాలి తగులుతుందని అతన్నే కూర్చోబెట్టింది. షుగర్ కొంచెం పెరిగిందట, గ్లూకోజ్ ఎక్కిస్తున్నారట అని అతను నోటికొచ్చిన అబద్ధాలన్నీ చెప్పాడు. ఆమె అన్నిటికీ తలూపింది. వాగు దగ్గర నీళ్లు వంతెన మీద నుంచి పారుతుంటే బస్సు ఆగిపోయింది. ఉధృతి తగ్గాక జనమంతా దిగి దాటారు. మల్లక్క అతని చెయ్యి పట్టుకుంది, అవతలి ఒడ్డున ఇంకో బస్సు ఎక్కాక కూడా విడవలేదు. నలుగురిలో మొగుడి చెయ్యి పట్టుకునే మనిషి కాదామె. లోపల భయం పట్టుకున్నట్టుంది పిచ్చిదానికి, అనుకున్నాడు.

కమలాపూర్ మలుపు దాటాక ఆమె ఉన్నట్టుండి, “చిన్నప్పుడు నిన్ను బడికి అత్తమ్మ ఎట్ల తోల్కపోయేది?” అని అడిగింది.

తండ్రి మీది నుంచి మనసు మళ్లించుకుంటోందని శంకరన్నకు అర్థమైంది. అందుకే తల్లి పోశక్క కబుర్లన్నీ విప్పాడు. ఒర్రెలో నీళ్లుంటే తనను భుజాన వేసుకుని దాటించేదట, బడి గుమ్మంలో దించి, లోపలికి పోయేదాకా కర్ర పట్టుకుని నిలబడేదట. ఇప్పటికీ బామ్ని వెళ్తే అన్నం కలిపి పెడుతుందట. చెబుతూ చెబుతూ తనే నవ్వాడు. మల్లక్క కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఇంకా చెప్పమంది.

“ఏమైనా గానీ, నువ్వు పరేషాన్ కాకు,” అన్నాడతను ఆమె వీపు నిమురుతూ. “మా అమ్మ ఉన్నది గద అక్కడ. నిన్ను ఒడిల పెట్టుకొని చూసుకుంటది.”

ఆమె అతని భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఏడవనీ, కొంచెం బరువు దిగుతుందని అతను కదలకుండా కూర్చున్నాడు.

పొద్దుగూకే వేళకు బస్సు బామ్నిలో ఆగింది. ఇక చెప్పక తప్పదని గుండె చిక్కబట్టుకుని శంకరన్న ముందు దిగాడు. రోడ్డు పక్కన, తలకు తువాలు చుట్టుకుని, మామ బక్కయ్య నిలబడి ఉన్నాడు.

శంకరన్న కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. నిక్షేపంలా ఉన్న మామే. పొద్దుటి నుంచి మోసిన బరువంతా ఒక్కసారిగా దిగిపోయి నవ్వు తన్నుకొచ్చింది. ఆ ఖలీముల్లాగాడి పని చెప్పాలనుకున్నాడు.

“మల్లక్కా, చూడు, మీ బాపుకు ఏం గాలే,” అంటూ వెనక్కి తిరిగాడు.

మల్లక్క తండ్రి వైపు చూడనే లేదు. బక్కయ్య కూడా కూతురి దగ్గరికి పోలేదు, నేరుగా వచ్చి అల్లుణ్ణి గట్టిగా పొదువుకున్నాడు. మల్లక్క రెండో పక్క నుంచి వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది.

“నీకు మా బాపని చెప్పమని భాయ్‌కు నేనే చెప్పిన. సీరియస్ మా బాపుకు కాదు, అత్తమ్మకు.”