సీటు ఎత్తు

"మళ్ళీ మోకాళ్ళకి మందు రాస్తున్నావా?" ప్రమాదం తర్వాత కాలు ఈడ్చి నడుస్తున్న అన్నయ్య గుమ్మంలో నిలబడి అడిగాడు.

ఆస్పత్రి డ్యూటీ దిగి ఈసురోమంటూ వచ్చిన చెల్లెలు, "రోజంతా నిలబడే ఉద్యోగం కదా," అంది.

"అది కాదు. నా రేసు సైకిల్ సీటు నీకు ఎత్తెక్కువ. పెడల్ అందక నీ నడుం అటూ ఇటూ ఊగిపోతోంది, కిటికీలోంచి చూశాను. దించుకోవచ్చుగా?"

ఆమె తల వంచుకుంది. "దించితే, నువ్విక తొక్కలేవని నేనే తేల్చేసినట్టు ఉంటుందన్నయ్యా."

అతను మెల్లగా సైకిల్ దగ్గరికి వెళ్ళి, బోల్టు వదులు చేసి, సీటు కిందికి దించాడు.

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసే పిచ్చిమొహమా. నీతో అనడానికే నోరు రాలేదు. రా, ఎక్కు. నేను పట్టుకుంటాను."