పళ్ళు కనబడాలి

ఒహాయోలో ఆ బుల్లి కాలేజీ ఎలా ఉందో చూద్దామని అమ్మతో వెళ్ళాను. తిప్పి చూపించే సీనియర్ మాకేసి తిరిగి వెనక్కి నడుస్తున్నాడు.

"ముందుచూపు లేనివాడు మనకి దారి చూపిస్తున్నాడే ఒడెస్సా!" నా చెవిలో గొణిగింది అమ్మ.

ఇంతలో కాలేజీ ఫోటోగ్రాఫరు వచ్చాడు. కాలేజీ చూడ్డానికొచ్చిన గుంపులో నల్లపిల్లని నేనొక్కదాన్నే. నన్నే మెట్లమీద కూర్చోబెట్టి, ఎవరిదో పుస్తకం చేతికిచ్చి, "ఇంకొంచెం నవ్వు తల్లీ, పళ్ళు కనబడాలి" అన్నాడు.

"పళ్ళు చూడ్డానికి ఇదేమన్నా పశువుల సంతా?" అంది అమ్మ.

కంపరమెత్తినా, సీటు కోసం నవ్వాను.

ఏప్రిల్‌లో అక్కణ్ణించి ఒకేరోజు రెండు కవర్లు వచ్చాయి. నాకొచ్చిన దాంట్లో సీటు ఇవ్వలేమన్నారు. ఇంకా హైస్కూల్లో ఉన్న మా చెల్లెలికొచ్చిన దాంట్లో కాలేజీ ప్రచారానికి వేసిన రంగుల పుస్తకం ఉంది. "రా, మా ఇంటిపిల్లవైపో!" అని పిలుపు.

అట్టమీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నది నేనే.